షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడ్డ యెజ్డీ రోడ్‌కింగ్: కొనొచ్చా? లేపాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

కాజీపేట_ప్యాసింజర్ | హనుమకొండ

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

జనగామ దగ్గర మా మేనత్త వాళ్ల ఊళ్లో ఒక యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్ సైకిల్ ఉంది. 1986 మోడల్, పాత మూడక్షరాల నంబరు. దాని ఓనర్ టీచరుగా చేసి రిటైరయ్యారు, ఈమధ్యే కాలం చేశారు. బండిని మాత్రం అంతకు చాలా ముందే, 2003 ప్రాంతంలో, ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టేశారట. ఇప్పుడు వాళ్లావిడ అమ్ముతానంటున్నారు. 55 వేలు చెప్తున్నారు.

నేను చూసినంతవరకు: ట్యాంకు మూత తీస్తే వార్నిష్ వాసన, అడుగున తుప్పు. సీటును ఎలుకలు కొరికేశాయి. కుడి సైలెన్సర్ చివర పురుగులు మట్టి గూడు కట్టాయి. కానీ హెడ్‌లైట్, స్పీడోమీటర్, పక్క డబ్బాలు, రెండు సైలెన్సర్లు అన్నీ ఒరిజినలే, ఎవరూ చెయ్యి పెట్టలేదు. కిక్ మెల్లగా నొక్కితే సగం దాకా వచ్చి ఆగింది. నేను బలవంతం చేయలేదు. ఆర్‌సీ చిన్న పుస్తకం రూపంలో ఉంది, 2001లో రెన్యువల్ చేసిన ముద్ర ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు.

కొనొచ్చా? ధర ఎక్కువా? కొంటే ముందు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలా, ఇంట్లోనే చేయగలిగింది ఏమైనా ఉందా?

పెట్రోల్_పొదుపు | కూకట్‌పల్లి

55 వేలు పెట్టి తుప్పు కొంటారా? 15 ఏళ్లు దాటిన బండి ఎలాగూ స్క్రాప్‌కే పోవాలి కదా. ఆ డబ్బుకి ఇంకాస్త కలిపితే కొత్త బండి వస్తుంది. పొగ కూడా ఉండదు.

ఫారం30 | కరీంనగర్

స్క్రాప్ మాట ప్రతి చర్చలోనూ ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందు అది తేల్చేద్దాం. పదిహేనేళ్లు దాటగానే రిజిస్ట్రేషన్ రద్దయ్యేది ప్రభుత్వ శాఖల బండ్లకి, 2023 ఏప్రిల్ నుంచి. ఢిల్లీ పరిసరాల్లో ఉన్న నిషేధం వేరు. మన దగ్గర సొంత బండి తనిఖీలో పాసైతే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు.

ప్యాసింజర్ గారూ, మీకు అసలు చిక్కు ఇంజన్‌లో లేదు, ఆర్‌సీ మీద ఉన్న పేరులో ఉంది. ఓనర్ లేరు కాబట్టి ఆవిడ నేరుగా మీకు సంతకం పెట్టి అమ్మడానికి కుదరదు. ముందు ఫారం 31తో బండి ఆవిడ పేరు మీదికి రావాలి. దానికి మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పిల్లలు ఉంటే వాళ్లకు అభ్యంతరం లేదని అఫిడవిట్లు కావాలి. ఆ తర్వాత ఫారం 29, 30తో మీ పేరు మీదికి. మధ్యలో ఫారం 25తో రెన్యువల్. మోటార్ ఇన్‌స్పెక్టర్ బండిని కళ్లతో చూస్తారు, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీసుకుంటారు.

ఫీజు సంగతి: రెన్యువల్‌కి 300 ఉండేది 2022 ఏప్రిల్‌లో 1,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటిన టూ వీలర్లకు 2025 ఆగస్టులో 2,000 అయింది. ఆలస్యానికి నెలకింత అని అదనం, గ్రీన్ ట్యాక్స్ కూడా ఉంటాయి. మొత్తం ఎంతవుతుందో బేరం ఆడక ముందే ఆఫీసులో అడగండి, ఆ మొత్తాన్ని ధరలోంచి తీసేసి మాట్లాడండి. అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది, ఆ పాత నంబరు రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కిందో లేదో. ఎక్కకపోతే పాత రికార్డు తీయించి ఎక్కించాలి. ఆర్‌సీ పుస్తకం చేతిలో ఉంది కాబట్టి మీరు అదృష్టవంతులే. అది కూడా పోయిన బండ్లు ఎన్నో షెడ్లలోనే మగ్గుతున్నాయి.

సీమ_స్పోక్ | అనంతపురం

యాభై ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ అని వచ్చింది కదా, అందులో చేయించుకోవచ్చుగా?

ఫారం30 | కరీంనగర్

2021 నిబంధన అది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు నిండాలి. 1986 బండికి 2036 దాకా ఆగాలి. పైగా ఫీజు 20 వేలు, నంబరులో వీఏ అని వస్తుంది, రోజూ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ మాత్రమే. ఆఫీసుకి యెజ్డీ మీద వెళ్లాలనుకునేవాళ్లకి అది పనికిరాదు.

రెండు_సైలెన్సర్లు | సికింద్రాబాద్

తమ్ముడూ, కిక్ బలవంతం చేయలేదన్నావు చూడు, అక్కడే సగం ఖర్చు మిగిలింది. ఇలాంటి బండ్లలో ఎక్కువ చెడేది నిలబడ్డ ఇరవై ఏళ్లలో కాదు, లేపుదామని ఉత్సాహపడ్డ మొదటి పావుగంటలో.

ఎందుకో చెప్తాను. టూ స్ట్రోక్ ఇంజన్‌కి అడుగున ఆయిల్ నిల్వ ఉండదు. క్రాంక్ (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) బేరింగులకి, కనెక్టింగ్ రాడ్‌కి, పిస్టన్‌కి అందేది పెట్రోల్‌లో కలిసి వచ్చే ఆయిల్ ఒక్కటే. బండి ఆగిపోయిన రోజున ఏ పోర్టు (సిలిండర్ గోడలో గాలి, పొగ వెళ్లే రంధ్రం) తెరుచుకుని ఉంటే అందులోంచి ప్రతి వానాకాలం తేమ లోపలికి పోతుంది. యెజ్డీకి ఒకే సిలిండర్‌కి రెండు ఎగ్జాస్ట్ పోర్టులు, రెండు సైలెన్సర్లు, అంటే దారులు కూడా ఎక్కువే. ఆ తేమ బోర్ (సిలిండర్ లోపలి) గోడ మీద వలయంలా తుప్పు పట్టిస్తుంది. నీ కిక్ సగంలో ఆగింది ఆ వలయం దగ్గరే అయి ఉంటుంది. పూర్తిగా అతుక్కోలేదు కాబట్టి ఆశ ఉంది. ఇప్పుడు గట్టిగా తొక్కితే పిస్టన్ రింగు విరిగి పోర్టులో ఇరుక్కుంటుంది, పోర్టు అంచు లేస్తుంది. అప్పుడు బోరింగ్‌తో (సిలిండర్ లోపలి గోడని చెక్కి సమం చేయడంతో) పోయేది సిలిండర్ మార్చేదాకా వస్తుంది.

కొన్నాక చేయాల్సింది: ప్లగ్గు విప్పు. ఆ రంధ్రంలోంచి సగం డీజిల్ సగం ఇంజన్ ఆయిల్ కలిపి పోయి. వదిలెయ్. రోజూ సాయంత్రం వెనక చక్రం లేపి, టాప్ గేర్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఆడించు. కాలితో కాదు, చేత్తో. గేరులో పెట్టినా చక్రం తేలిగ్గా తిరిగిపోతే మాత్రం క్లచ్ జారుతోందని అర్థం. అప్పుడు ఇంజన్ తిరిగిందని సంబరపడొద్దు.

యెజ్డీ కొత్తవాళ్లకి ఒక మాట: కిక్ రాడ్డూ గేర్ రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్, మళ్లీ దించితే గేర్. అరిగిన రాడ్డు నడుస్తుండగా జారి కిక్ స్థానంలోకి పోతుంటుంది. కొనేటప్పుడే అది పట్టి ఊపి చూడు.

బెజవాడ_బోల్టు | విజయవాడ

గురువుగారంటే గౌరవమే గానీ, ప్రతి పాత బండికీ ఇంజన్ విప్పాల్సిందే అన్నట్టు చెప్తే కుర్రాళ్లు భయపడి కొనడం మానేస్తారండీ. ఆటోనగర్‌లో మా దగ్గరికి వచ్చే వాటిలో చాలా వాటికి కార్బ్యురేటర్ కడిగి, పాయింట్లు (ప్లగ్గుకి నిప్పురవ్వ వచ్చేలా చేసే చిన్న స్విచ్) గీకి, కొత్త ప్లగ్గు పెడితే స్టార్టయిపోతాయి. కస్టమర్ చేతిలో డబ్బులు ఉండాలిగా, అన్నీ ఒకేసారి చేయించడానికి.

రెండు_సైలెన్సర్లు | సికింద్రాబాద్

స్టార్టవ్వడం వేరు, నిలబడడం వేరు బోల్టూ. ఫ్రీగా తిరిగే ఇంజనైతే నువ్వు చెప్పినట్టే చేయమంటాను. ఇది సగంలో ఆగింది. తుప్పు పట్టిన బేరింగు కూడా స్టార్టవుతుంది, అరవై స్పీడులో వెళ్తున్నప్పుడు ముక్కలవుతుంది. వెనక చక్రం పట్టేస్తే రోడ్డు మీద పడేది మనిషి.

బెజవాడ_బోల్టు | విజయవాడ

సరే, ఈ బండికి ఒప్పుకుంటా. కానీ ముందు హెడ్డు, సిలిండర్ వరకే విప్పి చూడమనండి. కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని పైకీ కిందకీ లాగితే ఏమాత్రం ఆడినా క్రాంక్ విప్పాలి. పక్కకి కొంచెం ఆడితే పర్లేదు, అది ఉండాల్సిందే.

కోనసీమ_క్లచ్ | అమలాపురం

ధర గురించి ఎవరూ చెప్పలేదు. నడవని బండికి 55 ఎక్కువే. అలాగని మరీ గీచి గీచి బేరం ఆడకండి, ఆవిడకి అది భర్త బండి. పార్టులు పూర్తిగా ఉన్నాయా లేదా అన్నదే ధర. ట్యాంకు, మడ్‌గార్డులు, సైలెన్సర్లు, చైన్ కవర్, స్పీడోమీటర్ ఒరిజినల్‌గా దొరకడం కష్టం. పిస్టన్, బేరింగులు, ఆయిల్ సీళ్లు, కేబుళ్లు ఇప్పటికీ దొరుకుతాయి. ఇంజన్ బిగిసిపోయి రేకులన్నీ ఉన్న బండి, ఇంజన్ నడుస్తూ రేకులు మార్చేసిన బండి రెండూ ఉంటే నేను మొదటిదే కొంటాను.

మైసూర్_తెలుగోడు | మైసూరు

మా ఊరి బండి గురించి మాట్లాడుతూ నన్ను పిలవలేదేం! ఐడియల్ జావా ఫ్యాక్టరీ ఇక్కడ 1961లో మొదలైంది. మొదట జావా పేరుతో, 1973 నుంచి యెజ్డీ పేరుతో. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది. 1996లో మూతపడింది. ఇప్పుడు షోరూముల్లో ఉన్న జావా, యెజ్డీలు 2018, 2022లలో వేరే కంపెనీ తెచ్చినవి, ఫోర్ స్ట్రోక్‌లు. వాటి పార్టు ఒక్కటి కూడా దీనికి పట్టదు. ఆ షోరూముకి వెళ్లి అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి చెప్తున్నా.

ఇక్కడ పాత షాపుల్లో అప్పటి స్టాకు అని అమ్ముతారు. కొన్ని నిజమే, కొన్ని కొత్త డబ్బాలో డూప్లికేట్. రబ్బరు సామాను మాత్రం నిజంగా పాత స్టాకైనా తీసుకోకండి. ముప్పై ఏళ్లు అట్టపెట్టెలో ఉన్న ఆయిల్ సీల్ వేస్తే గట్టిపడి పగులుతుంది. సీళ్లు, గొట్టాలు, ట్యూబులు కొత్తగా తయారైనవే కావాలి.

జూలై రెండో ఆదివారం జావా డే. ఆ రోజు మీ దగ్గరలో ఎక్కడ కలుస్తారో అక్కడికి వెళ్లండి. ఏ లేత్ షాపు మంచిదో, ఎవరి దగ్గర ఏ పార్టు ఉందో ఇంటర్నెట్‌లో కంటే అక్కడే తెలుస్తుంది.

కాజీపేట_ప్యాసింజర్ | హనుమకొండ

అందరికీ థ్యాంక్స్. బండి మా ఇంటికొచ్చింది. 42 వేలకి ఒప్పుకున్నారు, పేరు మార్పిడి ఖర్చంతా నాదే అన్నాను. ఫారం30 గారు చెప్పినట్టు ముందు ఆఫీసుకి వెళ్లి అడిగాను. పాత రిజిస్టర్‌లో ఎంట్రీ దొరికింది, ఛాసిస్ నంబరు సరిపోయింది. వాళ్లబ్బాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడు అఫిడవిట్ ఇస్తానన్నాడు. డబ్బు సగమే ఇచ్చాను, మిగతాది ఆర్‌సీ ఆవిడ పేరు మీదికి వచ్చాక అని కాగితం రాసుకున్నాం.

ఇంజన్: డీజిల్, ఆయిల్ పోసి రోజూ చక్రం ఆడిస్తూ పోతే ఒక సాయంత్రం టక్కున వదిలింది. హెడ్డు విప్పితే గురువుగారు చెప్పిన వలయం అలాగే కనిపించింది, గోరు తగిలేంత లోతు. బోరింగ్ తప్పదు అన్నాడు లేత్ షాపు ఆయన. రాడ్డు పైకీ కిందకీ ఆడట్లేదు. మరి క్రాంక్ వదిలేయొచ్చా?

బెజవాడ_బోల్టు | విజయవాడ

ఆడకపోతే వదిలేయండి. బోరింగ్, పిస్టన్, రింగులు వేసి నడపండి.

రెండు_సైలెన్సర్లు | సికింద్రాబాద్

వదలొద్దు. బోర్‌లోనే గోరు తగిలేంత తుప్పు ఉంటే అంతకంటే కింద, నీళ్లు చేరే చోట బేరింగు ఎలా ఉంటుందో ఆలోచించు. ఎలాగూ ఆయిల్ సీళ్లు మార్చాలి, వాటికి ఇంజన్ కేసు విప్పాల్సిందే. కొత్త పిస్టన్ వేసి నడిపి మళ్లీ విప్పితే కూలీ రెండుసార్లు.

సీళ్ల గురించి వివరంగా చెప్పాలి, చాలామంది ఇక్కడే చుట్టూ తిరుగుతారు. క్రాంక్‌కి రెండు వైపులా సీళ్లు ఉంటాయి. క్లచ్ వైపు సీల్ పోతే గేర్‌బాక్స్ ఆయిల్ ఇంజన్‌లోకి లాక్కుంటుంది. పొగ తెల్లగా, ఆగకుండా వస్తుంది, ప్లగ్గు తడుస్తుంది, గేర్ ఆయిల్ తగ్గుతుంది. డైనమో వైపు సీల్ పోతే దీనికి సరిగ్గా వ్యతిరేకం: గాలి లాక్కుంటుంది, మిశ్రమం పలచనవుతుంది, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ అరుస్తూనే ఉంటుంది. దాన్ని బండి హుషారుగా ఉందనుకుని నడిపితే పిస్టన్ కాలి పట్టేస్తుంది.

కాజీపేట_ప్యాసింజర్ | హనుమకొండ

కేసు విప్పించాను. బోల్టు అన్నా, సారీ, ఈసారి గురువుగారిదే పైచేయి. ఒకవైపు బేరింగు గోళీల మీద నల్లటి గుంటలు. వేలితో తిప్పితే ఇసుక రుబ్బినట్టు చప్పుడు. రెండు వైపులా కొత్తవి వేయించా. రాడ్డు కిట్ కూడా మార్చి, క్రాంక్ ప్రెస్ చేసి, అలైన్‌మెంట్ చూపించి ఇచ్చారు. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, అవీ మార్చాం.

ఇప్పుడు ట్యాంకు, వైరింగ్. రోడ్‌కింగ్‌కి పాయింట్లా, సీడీఐనా (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్)?

బెజవాడ_బోల్టు | విజయవాడ

సారీ ఎందుకు తమ్ముడూ, బేరింగు నేను చూడలేదుగా!

రోడ్‌కింగ్‌లో రెండూ వచ్చాయి. కుడివైపు కవర్ తీస్తే తెలిసిపోతుంది. పాయింట్లైతే గ్యాప్ 0.4 మి.మీ. పెట్టి, నున్నటి ఎమెరీతో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. పైకి మెరుస్తున్నా మధ్యలో కనపడని పొర ఉంటుంది, కరెంటు పోదు. కండెన్సర్ కొత్తది వేసేయండి, ఆలోచించకండి. వైరింగ్ ఎలుకలు కొరికి ఉంటాయి కాబట్టి బ్యాటరీ కలిపే ముందు సీటు కింద నుంచి హెడ్‌లైట్ దాకా చేత్తో తడుముతూ చూడండి. అతుకులేసే బదులు పూర్తి హార్నెస్ మార్చడమే నయం.

ట్యాంకులో నట్లు వేసి ఊపుతారు కొందరు, పల్చబడ్డ రేకుకి చిల్లు పడుతుంది. ఫాస్ఫోరిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ పోసి, తిప్పి తిప్పి ఉంచి, తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, కొంచెం టూ టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) పోసి అంతటా పట్టించండి. బయట పెయింట్ మీద చుక్క పడనీయకండి. సైలెన్సర్ లోపలి బాఫిల్స్ (శబ్దం తగ్గించే గొట్టాలు) ఊడతాయి, వాటిని కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడితే మసి వదులుతుంది. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు. అల్యూమినియం సామాను మాత్రం అందులో వేయకండి, తినేస్తుంది.

సీమ_స్పోక్ | అనంతపురం

ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌తో పాత టూ స్ట్రోక్‌లకి ఏం కాదా? నా ఆర్‌ఎక్స్ 100 కార్బ్యురేటర్‌లో తెల్లటి పొడి కనిపిస్తోంది.

రెండు_సైలెన్సర్లు | సికింద్రాబాద్

అవుతుంది. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, పాత రబ్బరుని మెత్తబరుస్తుంది. ఆ తెల్ల పొడి అల్యూమినియం, జింక్ తుప్పే. పెట్రోల్ గొట్టం, కాక్ (ట్యాంకు కింది పెట్రోల్ కుళాయి) వాషర్లు ఇథనాల్‌కి తట్టుకునేవి వెయ్. వారం పైన నిలబెట్టేటట్టయితే కాక్ మూసి, కార్బ్యురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా నడిపి ఆపు. ట్యాంకు లోపల కోటింగ్ వేయించేవాళ్లు కూడా అది ఇథనాల్‌కి తట్టుకుంటుందని డబ్బా మీద ఉందో లేదో చూసి వేయించండి. తట్టుకోనిదైతే జిగురులా కరిగి కార్బ్యురేటర్ జెట్‌లోకి వస్తుంది.

కాజీపేట_ప్యాసింజర్ | హనుమకొండ

స్టార్టయింది!!

పాయింట్ల బండే. పెట్రోల్ లీటరుకి 50 మి.లీ. ఆయిల్ కలిపాను, కొత్త పిస్టన్ కదా అని. మెకానిక్ కంటే ముందు మా నాన్న వచ్చి కిక్ కొట్టేశాడు, ఆయనకి ఆ రాడ్డు తిప్పడం ఇంకా గుర్తుంది. వీధి మొత్తం పొగ. పక్కింటి ఆంటీ దోమల మందు బండి అనుకుని కిటికీలు వేసుకున్నారు.

రెండు సమస్యలు. పొగ ఇంకా వస్తోంది. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలినా ఒక్కోసారి ఇంజన్ అరుస్తోంది. సీళ్లు రెండూ కొత్తవి, మరి గాలి ఎక్కడ నుంచి లాగుతోంది? టెన్షన్‌గా ఉంది, వెంటనే ఆపేశాను.

రెండు_సైలెన్సర్లు | సికింద్రాబాద్

పొగకి కంగారు పడకు. సైలెన్సర్ గొట్టాల్లో ఇరవై ఏళ్ల నాటి ఆయిల్, నువ్వు ప్లగ్గు రంధ్రంలో పోసిన దాంట్లో మిగిలింది, అన్నీ కాలాలి. రోడ్డు మీద కాస్త తిరిగాక గేర్ ఆయిల్ మట్టం చూడు. తగ్గకపోతే సీల్ బాగున్నట్టే.

అరవడానికి సీలే కానక్కర్లేదు. కార్బ్యురేటర్ సిలిండర్‌కి బిగించే చోటు చూడు. దశాబ్దాల పాటు బోల్టులు గట్టిగా బిగించీ బిగించీ ఆ ఫ్లాంజ్ వంగిపోతుంది. అద్దం ముక్క మీద పెట్టి చూస్తే ఆడుతుంది.

కాజీపేట_ప్యాసింజర్ | హనుమకొండ

అదే! అద్దం మీద పెడితే రెండు చెవులూ వెనక్కి వంగి ఉన్నాయి. అద్దం మీద ఎమెరీ పేపర్ పరిచి సమంగా వచ్చేదాకా రుద్దాను, కొత్త గ్యాస్కెట్ వేశాను. ఇప్పుడు ఐడిల్‌లో డుగ్ డుగ్ మని నిలబడుతోంది. గేర్ ఆయిల్ తగ్గలేదు, పొగ కూడా బాగా తగ్గింది.

కోనసీమ_క్లచ్ | అమలాపురం

టైర్లు, బ్రేకులు మాట్లాడకుండా స్టార్టయిందని సంబరాలేంటండీ. టైర్ పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి, తయారైన వారం, సంవత్సరం. మీ బండివి 2000 కంటే పాతవైతే ఆ నాలుగంకెలే ఉండవు. గాడి ఎంత లోతున్నా పారేయాల్సిందే. బ్రేక్ షూ లైనింగ్ పైకి బాగానే ఉండి, ఇనుము నుంచి ఊడి డ్రమ్ములో ఇరుక్కుంటుంది. షూలు కొత్తవి వేయకుండా వీధి మలుపు కూడా దాటొద్దు.

పెట్రోల్_పొదుపు | కూకట్‌పల్లి

మొత్తం ఎంతయిందో చెప్పండి, దాచకుండా.

కాజీపేట_ప్యాసింజర్ | హనుమకొండ

బండి ధర మీద ఇంచుమించు ఇంకో బండి ధర. ఇంట్లో మాత్రం పాతిక అని చెప్పాను, ఇక్కడ మా ఆవిడ సభ్యురాలు కాదు కాబట్టి రాస్తున్నా.

టైర్లు, ట్యూబులు, షూలు అన్నీ కొత్తవే. ఆర్‌సీ ఆవిడ పేరు మీదికి వచ్చింది, మిగతా డబ్బు ఇచ్చేశాను. రెన్యువల్ తనిఖీకి బండిని ట్రాలీ ఆటోలో తీసుకెళ్లాను, ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డెక్కొద్దని ఫారం30 గారు మెసేజ్‌లో గట్టిగా చెప్పారు. ఇన్‌స్పెక్టర్ గారు ఛాసిస్ నంబరు మీది తుప్పు గీకించి ప్రింట్ తీసుకున్నారు, హారన్, లైట్లు చూశారు, తర్వాత తన చిన్నప్పటి యెజ్డీ కబుర్లు చెప్పారు. ఇప్పుడు నా పేరు మీదికి మార్పు నడుస్తోంది.

ఇంకో ప్రశ్న: పెయింట్ వేయించాలా? ట్యాంకు మీద మెరుపు పోయింది గానీ ఫ్యాక్టరీ గీతలు అలాగే ఉన్నాయి.

మైసూర్_తెలుగోడు | మైసూరు

ముట్టుకోకండి! పాలిష్ కొట్టి మైనం పట్టించండి చాలు. ఫ్యాక్టరీ పెయింట్ ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు.

బెజవాడ_బోల్టు | విజయవాడ

నేనైతే వేయిస్తాను. తుప్పు పట్టిన రేకు పెయింట్ కింద తింటూనే ఉంటుంది. ముఖ్యంగా మడ్‌గార్డ్ లోపలి వైపు.

కోనసీమ_క్లచ్ | అమలాపురం

లోపలి వైపు ప్రైమర్ వేయించి, బయట వదిలేయండి. ఇద్దరి మాటా నెగ్గుతుంది.

సీమ_స్పోక్ | అనంతపురం

ప్యాసింజర్ అన్నా, ఆ క్రాంక్ ప్రెస్ చేసిన లేత్ షాపు ఎక్కడ? మా వైపు అలైన్‌మెంట్ చూసి ఇచ్చేవాళ్లు దొరకట్లేదు. పార్సిల్ పంపితే చేస్తారా?

కాజీపేట_ప్యాసింజర్ | హనుమకొండ

చేస్తారు తమ్ముడూ. నంబరు మెసేజ్ పెట్టాను. క్రాంక్ ఒక్కటే పంపకు, రాడ్డు కిట్ నువ్వే కొని దాంతో పాటు పంపు. ఫోన్ సాయంత్రం ఏడు దాటాకే ఎత్తుతారు.